వేళ్ల పట్లు

ప్రత్యర్థి చేతి వేలిని గానీ, కొన్ని వేళ్లను కలిపి గానీ అవి వంగని దిక్కుకు వంచి, మెలిపెట్టి, పక్కకు విడదీసి లేదా మడతమీద నొక్కి అతన్ని లొంగదీసే ప్రయోగాలను యుద్ధవిద్యల్లో వేళ్ల పట్లు అంటారు. కరాటే, ఆత్మరక్షణ తరగతుల్లో వీటికి ఫింగర్ లాక్‌లన్న పేరే వాడుక. మోచేయి, భుజం, మణికట్టు, మోకాలు, చీలమండల మీద వేసే కీళ్ల పట్లతో పోలిస్తే ఇవి చాలా చిన్నవి. వాటికి కావలసిన బలం తక్కువ, చోటు తక్కువ. నొప్పి మాత్రం తక్షణం.

యుద్ధవిద్యల్లో వీటి స్థానం విచిత్రమైనది. ఆత్మరక్షణ కోసం, నిందితుణ్ని అదుపు చేయడం కోసం పుట్టిన పద్ధతులు వీటిని శ్రద్ధగా నేర్పుతాయి. గెలుపోటములు తేల్చే పోటీలు మాత్రం దాదాపు అన్నీ నిషేధిస్తాయి. వేలి కీలు నొప్పి పుట్టే దశ నుంచి విరిగే దశకు క్షణంలో వెళ్లిపోవడమే ఇందుకు కారణం. ప్రాచీన గ్రీసు నుంచి నేటి తిరుపతి పాఠశాలల్లోని ఆత్మరక్షణ శిక్షణ దాకా ఈ విద్య చుట్టూ అల్లుకున్న నియమాలన్నీ ఈ ఒక్క విషయం మీదే ఆధారపడ్డాయి.

వేలి నిర్మాణం

మనిషి ఒక్కో చేతిలో 27 ఎముకలుంటాయి. వాటిలో 14 వేళ్లవి: బొటనవేలికి రెండు, మిగతా నాలుగు వేళ్లకు మూడేసి. వేలు అరచేతిని కలిసేచోట ఒక కీలు, వేలి మధ్యలో ఒకటి, గోరుకు దగ్గరగా మరొకటి ఉంటాయి. బొటనవేలికి మధ్య కీలు లేదు. అయితే దాని మొదలు మణికట్టు దగ్గర జీను ఆకారపు కీలుతో అమరి ఉండటం వల్ల అది మిగతా వేళ్లకు ఎదురుగా వచ్చి వస్తువును పట్టుకోగలుగుతుంది.

వేలిని ముడిచే, చాచే పెద్ద కండరాలు వేలిలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి. వాటి శక్తి పొడవాటి స్నాయుబంధనాల ద్వారా వేలికి చేరుతుంది. నడిమి వేలు, ఉంగరపు వేలు, చిటికెన వేళ్లను లోతుగా ముడిచే స్నాయుబంధనాలు ఒకే కండరం నుంచి వస్తాయి. వాటిలో ఒక వేలిని ఎవరైనా బలవంతంగా వెనక్కి వంచితే పక్క వేళ్ల పట్టు కూడా సడలుతుంది. అలా ఒంటరిగా దొరికిన వేలి మీద ఎదుటివాడి చేయి మొత్తం పనిచేస్తుంది. బలవంతుడి చేతిలోనైనా విడిగా చిక్కిన వేలు బలహీనమే.

వేలు వెనక్కి విరగకుండా ప్రతి కీలుకూ అరచేతి వైపున పీచుతో కూడిన గట్టి పలక ఒకటి అడ్డు ఉంటుంది. ఇరువైపులా సంధిబంధనాలు ఎముకను ఎముకకు కట్టి ఉంచుతాయి. వేలి మొదట ఉన్న కీలుకు కొంత దూరం వెనక్కి వంగే స్వేచ్ఛ ఉంది. మధ్య కీలుకు ఆ స్వేచ్ఛ దాదాపు లేదు. మొదటి కీలు దగ్గర పక్క బంధనాలు వేలు చాచినప్పుడు వదులుగా, ముడిచినప్పుడు బిగుతుగా ఉంటాయి. వేళ్లు చాచి పక్కలకు విప్పడం తేలికనీ, ముడిచాక అలా విప్పలేమనీ ఎవరైనా తమ చేతి మీదే చూసుకోవచ్చు. చాచిన వేలు పట్టుకు సులువుగా చిక్కడానికీ, పిడికిలి బిగించినవాడి వేలిని లాగడం కష్టం కావడానికీ ఇదే కారణం.

పట్టులో పనిచేసేది మీట సూత్రం. తలుపును బందుల దగ్గర నెడితే కదలదు, అంచు దగ్గర నెడితే సులువుగా కదులుతుంది. వేలి విషయంలోనూ అంతే: కీలుకు దగ్గరగా ఒక చోట ఆనించి, కొస దగ్గర బలం ప్రయోగిస్తే కొద్దిపాటి ఒత్తిడి కీలు మీద ఎన్నో రెట్లుగా పడుతుంది. కొత్తవాళ్లు వేలిని మధ్యలో గుప్పిట పట్టి లాగుతారు, నేర్చినవాళ్లు మొదలును ఒక దిక్కుకు, కొసను ఎదురు దిక్కుకు నడుపుతారు.

పట్ల రకాలు

పద్ధతులు వేరైనా వేళ్ల పట్లను శరీరం మీద అవి చేసే పనిని బట్టి అయిదు తెగలుగా చెప్పుకోవచ్చు.

మొదటిది వెనక్కి వంచే పట్టు. ఒకటి, రెండు వేళ్లను చేతి వెనుక భాగం వైపుకు వంచుతారు. అన్నిటిలో సాధారణమైనది ఇదే. చిటికెన వేలు, చూపుడు వేలు అంచున ఉండటం వల్ల ఎక్కువగా చిక్కుతాయి.

రెండోది విడదీసే పట్టు. పక్కపక్క వేళ్లను రెండు చేతులతో చెరోవైపుకు తెరుస్తారు. ఒత్తిడి పక్క బంధనాల మీద, వేళ్ల మధ్య చర్మం మీద పడుతుంది.

మూడోది మెలిపెట్టే పట్టు. వేలిని దాని నిడివి చుట్టూ తిప్పుతారు. వేలి కీళ్లకు అలా తిరిగే వీలు లేకపోవడంతో ఆ మెలిక మణికట్టుకు, అక్కడి నుంచి మోచేతికి పాకి మనిషిని వంగేలా చేస్తుంది.

నాలుగోది మడతమీద నొక్కే పట్టు. ఇప్పటికే ముడిచి ఉన్న వేలి కొసను దాని మొదలు వైపుకు మరింతగా నొక్కుతారు. బయటికి పెద్దగా ఏమీ కనిపించదు. నలుగురి మధ్య నుంచి ఒక మనిషిని పక్కకు నడిపించుకుపోవడానికి దీన్ని వాడటం అందుకే.

అయిదోది బొటనవేలి పట్టు. బొటనవేలిని అరచేతి వైపుకు గానీ, వెనక్కి గానీ తిప్పి చేతి పట్టును పూర్తిగా విడిపిస్తారు. వస్తువును బిగించి పట్టుకోవడంలో బొటనవేలే ఎదురు నిలబడుతుంది కాబట్టి అది లొంగితే కత్తి, కర్ర జారిపోతాయి. ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడు చెప్పిన 107 మర్మాల్లో బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఉన్న క్షిప్ర మర్మం ఒకటి. అక్కడ నొక్కితే చేయి సడలుతుందన్న అనుభవం చాలా పద్ధతుల్లో ఉంది.

ఇవి విడివిడిగా కన్నా ఒకదాని వెంట ఒకటిగా పనిచేస్తాయి. వేలితో మొదలుపెట్టి మణికట్టును, మణికట్టుతో మోచేతిని, మోచేతితో నడుమును వంచి నేలకు దించడం అసలు లక్ష్యం. వేలు చేయి లోపలికి దారి తీసే తలుపు మాత్రమే అని అనుభవజ్ఞులైన శిక్షకులు చెబుతారు. వేలి దగ్గరే ఆగిపోయిన పట్టు ఎక్కువసేపు నిలవదు.

ప్రాచీన చరిత్ర

వేళ్ల పట్ల మీద దొరికే అతి పాత ఆధారం ఒక నిషేధం. గ్రీసులోని ఒలింపియాలో బయటపడిన, సామాన్య శకానికి పూర్వం 6వ శతాబ్దం చివరి భాగానికి చెందిన కంచు రేకు మీద మల్లయోధుడు ప్రత్యర్థి వేలిని విరవకూడదన్న నియమం చెక్కి ఉంది. నియమం మీరినవాణ్ని న్యాయనిర్ణేత కొట్టవచ్చు, తల మీద మాత్రం కొట్టకూడదు.

నియమం ఉన్నా వేళ్లు వంచి గెలిచినవాళ్లున్నారు. సామాన్య శకం రెండో శతాబ్దపు యాత్రికుడు పౌసానియస్ ఇద్దరి గురించి రాశాడు. సిసిలీలోని మెస్సెనెకు చెందిన లియోంటిస్కస్ అనే మల్లయోధుడికి ప్రత్యర్థులను పడేయడం చేతకాదు, వాళ్ల వేళ్లు వంచి లొంగదీసేవాడు. ఒలింపిక్స్‌లో రెండుసార్లు గెలిచాడు. సిక్యోన్‌కు చెందిన సోస్ట్రాటస్, కొట్లాటా కుస్తీ కలిసిన పాంక్రేషన్ పోటీలో అదే ఎత్తుగడ వాడి ఒలింపిక్స్‌లో మూడు విజయాలు సాధించాడు. వేళ్ల కొసలను పట్టేవాడన్న అర్థంలో అతనికి మారుపేరు కూడా వచ్చింది. నిషేధం, ప్రయోగం పక్కపక్కనే నడిచిన తీరు ఆనాటిదే.

తూర్పు ఆసియాలో ఈ విద్య విస్తారంగా పెరిగింది. చైనాలో చిన్ నా అనే పట్ల విద్య కండరాలను వేరుచేయడం, ఎముకలను స్థానం తప్పించడం, ఊపిరి ఆపడం, మర్మాలను నొక్కడం అనే అంగాలుగా సాగుతుంది. వేళ్ల పట్లు మొదటి రెండింటిలోకి వస్తాయి. జపాన్‌లో కత్తి దూయబోయే చేతిని ఆపవలసిన సమురాయిల జుజుత్సులో మణికట్టు, వేళ్ల పట్లకు ప్రాధాన్యం ఉండేది. టకెడా సోకాకు ప్రచారం చేసిన దైతో-ర్యూ అనే జుజుత్సు శాఖ నుంచి ఉయెషిబా మొరిహే ఐకిడోను రూపొందించాడు. కొరియాలో చోయ్ యోంగ్-సుల్ ద్వారా హాప్‌కిడో రూపుదిద్దుకుంది. ఈ రెండింటిలోనూ చేతిని పట్టుకున్నవాడి చేతినే తిరిగి పట్టడం ప్రాథమిక పాఠం.

వేళ్ల పట్లకు 20వ శతాబ్దంలో ఒక క్రమశిక్షణ తెచ్చినవాడు హవాయిలో పుట్టిన వాలీ జే (1917–2011). ఆయన స్మాల్ సర్కిల్ జుజిట్సు పద్ధతి నెట్టడం, లాగడం ఒకేసారి జరగాలనీ, కదలిక ఎంత చిన్న వలయంలో ఉంటే పట్టు అంత గట్టిగా ఉంటుందనీ బోధిస్తుంది. ఆత్మరక్షణ తరగతుల్లో వినిపించే మెళకువల్లో చాలావాటికి ఈ బోధనతో దగ్గరి పోలిక ఉంది.

దక్షిణ రాయలసీమ నేపథ్యం

తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో మల్లవిద్యకు రాజపోషణ ఉన్న కాలం విజయనగర యుగం. పశ్చిమ చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్చిన మానసోల్లాసం మల్లులను వయసు, శరీరం, బలాలను బట్టి వర్గీకరించి, వాళ్ల వ్యాయామాన్నీ ఆహారాన్నీ వివరించింది. విజయనగరంలో ఆ సంప్రదాయం రాజు దినచర్యలోకే వచ్చింది. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, కృష్ణదేవరాయలు తెల్లవారకముందే నువ్వుల నూనె తాగి, ఒళ్లంతా పట్టించుకుని, బరువులెత్తి, కత్తి తిప్పి, ఆ నూనె చెమటగా వెళ్లిపోయాక తన మల్లుల్లో ఒకడితో కుస్తీ పట్టేవాడని రాశాడు. మహర్నవమి ఉత్సవాల్లో జరిగిన కుస్తీలు మెత్తనివి కావని కూడా పేస్ రాతల్లో కనిపిస్తుంది. పళ్లు రాలేవి, కళ్లు పోయేవి, ముఖాలు చెదిరేవి. పోరు న్యాయంగా సాగేలా చూడటానికి పెద్దలు నిలబడి ఉండేవారు.

ఆ రాయలు తిరుమలకు పలుమార్లు వచ్చాడు. తళ్లికోట యుద్ధం (1565) తర్వాత రాజధాని పెనుకొండకు, అక్కడి నుంచి తిరుపతి పక్కనున్న చంద్రగిరికి మారింది. రాజు ఉన్నచోట మల్లులు, సాముగాళ్లు ఉండటం ఆనాటి కొలువుల తీరు. ఆ తర్వాత పాళెగాళ్ల కింద కట్టుబడి బంట్లు ఆయుధవిద్యను నిలబెట్టారు. 19వ శతాబ్దం తొలి ఏళ్లలో చిత్తూరు పాళెగాళ్ల తిరుగుబాటును ఈస్టిండియా కంపెనీ సేనలు అణచివేశాయి. 1878 ఆయుధ చట్టం ఆయుధాల మీద ఆంక్షలు పెట్టింది. దాంతో ఊళ్లలో మిగిలిన యుద్ధవిద్య పండగ ప్రదర్శనగా మారింది. పీర్ల పండగలో కర్రసాము, జాతరలో కుస్తీ, భారతం ఉత్సవాల్లో గద తిప్పే భీముడు దాని రూపాలే. చిత్తూరు జిల్లా పల్లెల్లో ధర్మరాజు గుడుల దగ్గర రోజుల తరబడి జరిగే భారతం, మట్టితో చేసిన భారీ దుర్యోధనుడి బొమ్మ దగ్గర దుర్యోధన వధతో ముగుస్తుంది. దూరంగా కూర్చున్న జనానికి కూడా కనబడాలి కాబట్టి ఇలాంటి ప్రదర్శనల్లో పెద్ద కదలికలకే చోటు. వేలి మీద జరిగే విద్య చూపరులకు కనబడదు. అది గురువు చేతి నుంచి శిష్యుడి చేతికి మాత్రమే చేరగలిగేది.

తెలుగు మాట్లాడే జెట్టిలు ఈ సందర్భంలో గమనించదగినవారు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాల గ్రంథం వాళ్లను వృత్తిరీత్యా మల్లులుగా, వ్యాయామ విన్యాసాలు చేసేవాళ్లుగా పేర్కొంది. తెలుగు జిల్లాల్లో వాళ్లు ఒళ్లు పట్టి, లేపనాలు రుద్ది నరాల నొప్పులు నయం చేసేవారని కూడా రాసింది. తంజావూరు కొలువులో వాళ్లు ఖజానాకు కాపలా ఉన్నారు. మైసూరు దసరాలో నేటికీ జరిగే వజ్రముష్టి పోరు వాళ్లదే. వేళ్లకు తొడిగే కొమ్ము ఆయుధంతో తల మీద కొట్టి మొదటి నెత్తుటి చుక్క చూడటంతో ఆ పోరు ముగుస్తుంది. వేలిని కాపాడుకోవడం, పిడికిలి విప్పకపోవడం అక్కడ ప్రాణావసరం.

సరిహద్దుకు అవతల తమిళనాట చిలంబంలోని నిరాయుధ భాగాన్ని కుత్తువరిసై అంటారు. దక్షిణాన కన్యాకుమారి వైపు అడిమురైలో పట్టు వేయడం, దాన్ని విడిపించుకోవడం జంటగా నేర్పుతారు. అక్కడ ఆశాన్ అనే గురువు వర్మ (మర్మ) వైద్యం కూడా తెలిసినవాడై ఉండటం ఆనవాయితీ. జెట్టిల్లోనూ, ఆశాన్లలోనూ దెబ్బతీసే విద్య, బాగుచేసే విద్య ఒకే చేతిలో ఉన్నాయి.

రాయలసీమ కుస్తీ గోదాల్లో, తాలింఖానాల్లో వస్తాదులు నేర్పే మల్లవిద్య పట్టు, విడుపుల మీదే నడుస్తుంది. కుస్తీ మొదలయ్యేదే చేతుల పోరుతో: మణికట్టు దొరకబుచ్చుకోవడం, వేళ్లు చిక్కనీయకపోవడం, మెడ మీద చేయి వేయడం. దండీలు, బస్కీలు, గద తిప్పడం, తాడు ఎక్కడం ముంజేతిని, తద్వారా వేళ్లను గట్టిపరుస్తాయి. పహిల్వాన్‌కు వేళ్ల బలం పట్టు వేయడానికి ఎంత అవసరమో, పట్టులో పడకుండా ఉండటానికీ అంతే అవసరం.

పోటీ నియమాలు

జూడో చరిత్ర ఈ నిషేధం ఎలా రూపుదిద్దుకుందో చూపిస్తుంది. 1882లో జూడోను స్థాపించిన కానో జిగోరో ఆధ్వర్యంలో 1899లో దాయ్ నిప్పోన్ బుతొకుకాయ్ సంస్థ కోసం పోటీ నియమాలు తయారైనప్పుడు వేళ్లు, కాలి వేళ్లు, మణికట్టు, చీలమండల మీద పట్లను తొలగించారు. 1925 నాటికి మోచేయి తప్ప మిగతా కీళ్లన్నీ నిషిద్ధాల్లో చేరాయి. మోచేతి పట్టు నెమ్మదిగా బిగుస్తుంది. ఓడినవాడికి చేత్తో తట్టి ఒప్పుకునే వ్యవధి ఉంటుంది. వేలికి ఆ వ్యవధి లేదు. నేటి జూడోలో దుస్తుల మీద పట్టు విడిపించుకోవడానికి ప్రత్యర్థి వేళ్లను వెనక్కి వంచినా శిక్ష పడుతుంది.

అంతర్జాతీయ కుస్తీ నియమాలు వేళ్లు, కాలి వేళ్లు మెలిపెట్టడాన్ని జుట్టు లాగడం, కొరకడం, గిల్లడంతో కలిపి నిషేధిస్తాయి. జపాన్ సుమోలో ఒకటి, రెండు వేళ్లు పట్టుకుని వెనక్కి వంచడం నిషిద్ధ చర్యల్లో ఒకటి. బ్రెజిలియన్ జుజిట్సులో వేళ్లను వెనక్కి వంచడం అన్ని బెల్టులవారికీ నిషిద్ధమే. మిశ్రమ యుద్ధకళల పోటీలకు 2000లో అమెరికాలోని న్యూజెర్సీలో రూపొందిన ఏకీకృత నియమాలు చేతి వేళ్లు, కాలి వేళ్లను చిన్న కీళ్లుగా లెక్కగట్టి వాటిని వంచడాన్ని తప్పుగా నిర్ణయించాయి. మణికట్టు, మోచేయి, భుజం, మోకాలు, చీలమండ పెద్ద కీళ్లు కాబట్టి వాటి మీద పట్లు చెల్లుతాయి. ఒకటి, రెండు వేళ్లు పట్టడానికి, చేతిని మొత్తంగా పట్టడానికి మధ్య గీత గీయడం చాలా క్రీడల్లో కనిపించే పరిష్కారం.

ఆత్మరక్షణలో, శాంతిభద్రతల్లో

వేళ్ల పట్లకు సరైన చోటు పట్టు విడిపించుకోవడం. ఎవరైనా మెడ, చెయ్యి, జుట్టు, బ్యాగు, చీర కొంగు పట్టుకున్నప్పుడు వాళ్ల వేళ్లు ఒకచోట నిలిచి ఉంటాయి. అప్పుడు చిటికెన వేలిని గానీ, బొటనవేలిని గానీ దొరకబుచ్చుకుని వంచితే చేయి తెరుచుకుంటుంది. ఇది బలం తక్కువైనవాళ్లకు ఉపయోగపడే మెళకువ కావడానికి కారణం ఇదే. గాలిలో కదులుతున్న చేతి వేలిని పట్టడం మాత్రం ఎంత నేర్చినవాడికైనా కష్టం. గుద్దుతున్నవాడి మీద వేలి పట్టు పనికిరాదు.

ప్రభుత్వ పాఠశాలల్లో 6 నుంచి 12వ తరగతి వరకు చదివే బాలికల కోసం సమగ్ర శిక్షా కింద రాణీ లక్ష్మీబాయి ఆత్మరక్షా ప్రశిక్షణ్ పేరుతో మూడు నెలల శిక్షణ పథకం ఉంది. అందులో కరాటే, తైక్వాండో, జూడో వంటివి నేర్పుతారు. ఇలాంటి శిక్షణలో వేలి పట్టు చెప్పేటప్పుడు లక్ష్యం విడిపించుకుని పరుగెత్తడమే. ఎదుటివాణ్ని అక్కడే పట్టి ఉంచాలనుకుంటే అతని రెండో చేయి ఖాళీగా ఉందన్న సంగతి మరిచినట్టే.

పోలీసు శిక్షణలో అవసరం వేరు. తిరుపతి దగ్గర కల్యాణి డ్యామ్ వద్ద పోలీసు శిక్షణ కళాశాల ఉంది. ఎక్కడి పోలీసు శిక్షణలోనైనా నిరాయుధ పోరాటం ఒక అంశం. గుంపులోంచి ఒకరిని దెబ్బ వేయకుండా పక్కకు తీసుకుపోవాలంటే మణికట్టు, వేళ్లు కలిపి పట్టే నడిపింపు పట్టు లాఠీకన్నా మేలు. దానికీ హద్దులున్నాయి. ఈ పట్టు నొప్పి మీద ఆధారపడుతుంది. మద్యం, మత్తుమందు, తీవ్ర ఆవేశంలో ఉన్నవాడికి నొప్పి తెలియదు. అతను లొంగడు, వేలు మాత్రం విరుగుతుంది. కీళ్లు సహజంగా అతిగా వంగేవాళ్ల మీద కూడా ఇది పారదు. వైద్యులు కీళ్ల సాగుదలను కొలిచే తొమ్మిది మార్కుల బైటన్ కొలమానంలో చిటికెన వేలు 90 డిగ్రీలు దాటి వెనక్కి వంగుతుందా అన్నది ఒక పరీక్ష. అలాంటివారికి పట్టు బిగిసిందని ఎదుటివాడు అనుకునేసరికి నొప్పి ఇంకా మొదలై ఉండదు.

చట్టం

వేలు చిన్నదైనా చట్టం దృష్టిలో దాని ఎముక విరగడం చిన్న విషయం కాదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 116వ సెక్షన్ ఎముక విరగడాన్ని, కీలు తప్పడాన్ని, ఏ అవయవమైనా కీలైనా శాశ్వతంగా శక్తి కోల్పోవడాన్ని తీవ్ర గాయాల్లో చేర్చింది. ఏ ఎముక అన్న తేడా అందులో లేదు. ఉద్దేశపూర్వకంగా తీవ్ర గాయం చేస్తే 117వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు, జరిమానా పడవచ్చు. నొప్పి వరకే ఆగిన పట్టు మామూలు గాయం కింద చూడదగినదైతే, మరి కొద్దిగా బిగిస్తే అది వేరే నేరం అవుతుంది.

ఆత్మరక్షణ హక్కును ఇదే సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లలో గుర్తించింది. అయితే రక్షణకు అవసరమైన దానికన్నా ఎక్కువ హాని చేసే హక్కు లేదని 37వ సెక్షన్ చెబుతుంది. మెడ పట్టుకున్నవాడి వేలు విడిపించుకునే పెనుగులాటలో విరగడం ఒకటి, అతను లొంగాక కోపంతో విరవడం మరొకటి.

గాయాలు, వైద్యం

వేళ్ల పట్ల వల్ల కలిగే గాయాల్లో బెణుకు, పక్క బంధనాలు తెగడం, అరచేతి వైపు పలక చిరగడం, మధ్య కీలు వెనక్కి జారడం, చిన్న ఎముక ముక్క ఊడిరావడం ముఖ్యమైనవి. బొటనవేలి లోపలివైపు బంధనం తెగితే చిటికెతో వస్తువు పట్టే శక్తి పోతుంది. కుందేళ్ల మెడలు విరిచే పనిలో స్కాట్లాండ్ వేట కాపలాదారులకు క్రమంగా వచ్చే ఈ లోపాన్ని 1955లో వైద్యులు వర్ణించారు. ఒక్కసారి గట్టిగా వెనక్కి తిప్పినా అదే దెబ్బ తగలవచ్చు.

గాయమైన వెంటనే ఉంగరం తీసేయాలి, వాపు పెరిగాక అది రాదు. చల్లని కాపడం పెట్టి, చేతిని గుండెకన్నా ఎత్తుగా ఉంచి, వేలిని పక్క వేలితో కలిపి టేపు చుట్టి కదలకుండా చూడాలి. జారిన కీలును అక్కడికక్కడే లాగి సరిచేయబోవడం ప్రమాదం. లోపల ఎముక ముక్క ఇరుక్కుని ఉంటే లాగుడు దాన్ని మరింత చెడగొడుతుంది. ఎక్స్‌రే తీయించాకే సరిచేయించాలి. తిరుపతిలో రుయా ప్రభుత్వ ఆసుపత్రి, ఎముకల వైద్యానికి తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే బర్డ్ ఆసుపత్రి ఉన్నాయి.

ఈ ప్రాంతానికి తనదైన ఎముకల వైద్యం కూడా ఉంది. తిరుపతి జిల్లాలోని పుత్తూరు పక్కన రాచపాళెంలో ఒక రాజుల కుటుంబం తరతరాలుగా చేస్తున్న పుత్తూరు కట్టు దక్షిణాది అంతటా పేరు పడింది. పసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ పట్టీలు, వెదురు బద్దలు దాని సరంజామా. వేటలో దొరికిన జంతువు మాంసాన్ని ఒక ఆకులో చుట్టితే అతుక్కుపోయిందనీ, ఆ ఆకుతోనే వైద్యం మొదలైందనీ జనం చెప్పుకునే కథ. చెన్నై, బెంగళూరు వీధుల్లో కూడా పుత్తూరు కట్టు పేరుతో బోర్డులు కనిపిస్తాయి. బద్దలతో కట్టు కట్టడం మన వైద్యంలో కొత్త సంగతి కాదు. సుశ్రుత సంహిత ఎముకల గాయాలను ఆరు రకాల సంధిముక్తాలుగా, పన్నెండు రకాల కాండభగ్నాలుగా విభజించి, చెట్టు బెరడు బద్దలతో కట్టే విధానం చెప్పింది.

వేలి విషయంలో ఏ కట్టుకైనా రెండు హద్దులున్నాయి. కట్టు బిగుతై రక్తం ఆడకపోతే వేలి కొస నల్లబడి కోల్పోయే ప్రమాదం ఉంది. తిమ్మిరి, నీలం రంగు కనబడగానే కట్టు విప్పాలి. రెండోది కాలం. వేలిని వారాల తరబడి కదలనీయకపోతే కీలు బిగుసుకుపోయి గుప్పిట ముడవదు. పూర్తిగా తెగిన స్నాయుబంధనాన్ని కట్టు సాధారణంగా అతకదు, దానికి తరచూ శస్త్రచికిత్స కావాలి.

శిక్షణ

వేళ్ల పట్లను సాధారణంగా ముందు వరసలో నేర్పరు. పడటం, తప్పుకోవడం, మణికట్టు పట్లు అలవడ్డాక వాటికి చేరుస్తారు. ఎముకల్లోని పెరుగుదల పలకలు ఇంకా మూతపడని పిల్లల వేళ్ల మీద బలమైన సాధన చేయించకూడదు. పెద్దల్లో కూడా వేలిని లాగడం, కుదపడం ఉండకూడదు. కీలు ఆగేచోటి దాకా నెమ్మదిగా తీసుకెళ్లి అక్కడ నిలపాలి. పట్టులో ఉన్నవాడు నొప్పి మొదలయ్యేలోపే తట్టాలి, వేసినవాడు ఆ తట్టు కోసం ఎదురుచూడకుండా ముందే వదలడానికి సిద్ధంగా ఉండాలి. ఒక వేలికి బదులు రెండు, మూడు వేళ్లు కలిపి పట్టి సాధన చేస్తే ఒత్తిడి పంచుకుని గాయం తగ్గుతుంది. నిజ సందర్భంలో ఒక వేలే దొరికినా సూత్రం అదే.

వేళ్లు పట్టించుకోకుండా ఉండటం కూడా పాఠంలో భాగమే. వేళ్లు చాచి ఎదుటివాడి ఛాతీ మీద ఆనించకపోవడం, చూపుడు వేలితో బెదిరించకపోవడం, పట్టుకోవలసి వస్తే బొటనవేలిని మిగతా వేళ్ల పక్కనే ఉంచి కొక్కెంలా పట్టడం, చిక్కిన వేలిని వెనక్కి లాగకుండా చేతిని మొత్తంగా ముందుకు నెట్టి మోచేతిని దించడం ఇందులో ముఖ్యమైనవి. పట్టు వేసినవాడు కోరుకునేది వేలికీ చేతికీ మధ్య దూరం. చేయి వేలి దగ్గరికి వెళ్తే మీట పొడవు తగ్గి పట్టు వీగిపోతుంది. అందుకే పట్టు నేర్పిన రోజే విడుపు కూడా నేర్పడం మంచి వస్తాదుల పద్ధతి. పట్టు మాత్రమే తెలిసినవాడికి వేలు ఎంతవరకు తట్టుకుంటుందో తెలియదు. విడిపించుకునే సాధనలో తన వేలిని ఎదుటివాడికి అప్పగించినవాడికే ఆ హద్దు తెలుస్తుంది.